పక్క షెడ్డు పిల్లల కోసం

శశికళకు నడక వచ్చిన ఏడాదే నడక పోయింది. ముళబాగిలు దగ్గరి తెలుగు పల్లెలో ఒక వానాకాలం, పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే వాళ్ళమ్మ మారెమ్మ చంకనేసుకుని కాంపౌండరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన పిర్రకు సూది వేసి పంపాడు. జ్వరం దిగింది. పిల్లను నేలమీద నిలబెడితే ఎడమకాలు పాతగుడ్డలా మడతపడింది. ఆ సూదే బిడ్డ కాలు తీసిందని మారెమ్మ నమ్మింది. కాంపౌండరును మాత్రం ఒక్కమాట అనలేదు. తీసుకుపోయింది తానే కదా అని తనను తానే తిట్టుకుంది. పిల్ల పెద్దదై ఉద్యోగంలో చేరినా ఆ తిట్టు ఆగలేదు.

కొన్నాళ్ళకు ఆ కుటుంబం బెంగళూరు వచ్చి బళేపేటలో ఒక సందులో చేరింది. తండ్రి ఇనప సామాన్ల అంగడిలో మూటలు మోసేవాడు. ఒకరోజు మూట దించి అరుగుమీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. మారెమ్మ గాజుల టోకు అంగడిలో పనికి కుదిరింది. పెట్టెల్లో వచ్చిన గాజుల్లో పగిలినవి ఏరేసి, మంచివాటిని దారంతో జోడించి కట్టడం ఆమె పని. కూతుర్ని బడికి ఎత్తుకునే తీసుకుపోయేది, ఎత్తుకునే తెచ్చేది. ఇక మోయలేనన్నంత బరువెక్కాక ఒక ధర్మసంస్థ వాళ్ళు కాలిపర్ ఇచ్చారు. తొడ నుంచి మడమ దాకా ఇనప కడ్డీలూ తోలు పట్టీలూ ఉండే బూటు అది. దాన్ని తొడుక్కుని శశికళ పదో తరగతి దాటింది, మేడమీది ఇన్‌స్టిట్యూట్‌కు మెట్టు మెట్టూ పట్టుకుని ఎక్కి టైపు నేర్చుకుంది, ఒక లారీ ఆఫీసులో చాలా ఏళ్ళు బిల్లులు కొట్టింది. పెళ్ళి సంబంధాలు ఒకటి రెండు వచ్చి గడప దగ్గరే ఆగిపోయాయి. ఆమె వాటి గురించి ఎవరితోనూ మాట్లాడేది కాదు.

తొంభై ఎనిమిదిలో ఆమెకు కొత్త ఉద్యోగం దొరికింది. పోలియో నిఘా ఆఫీసులో కంప్యూటరు దగ్గర కూర్చునే పని. ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఆవరణలోనే వెనకవైపు ఒక గది. గది ప్రభుత్వానిది. జీపూ, కంప్యూటరూ, డాక్టరూ ప్రపంచ ఆరోగ్య సంస్థ పంపినవి. ఆ డాక్టరు పేరు గిరిధర్, ఒంగోలు వైపు మనిషి. జీపు నడిపేది రియాజ్. ముగ్గురే.

పని వినడానికి చిన్నది. పదిహేనేళ్ళలోపు పిల్లలెవరికైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే ఆ కబురు వెంటనే ఈ గదికి చేరాలి. అది పోలియోనా, మరొకటా అన్నది తరవాతి సంగతి. ప్రతి వారం శశికళ ఆసుపత్రులన్నిటికీ ఫోను చేసేది. అలాంటి పిల్లలెవరూ రాలేదంటే "ఎవరూ రాలేదు" అన్న మాటే రాసుకునేది. ఫోను ఎత్తకపోవడం వేరు, ఎవరూ లేరని చెప్పడం వేరని గిరిధర్ మొదటిరోజే చెప్పాడు. కబురు వస్తే డాక్టరు వెళ్ళి పిల్లను చూస్తాడు. రెండుసార్లు మలం నమూనా తీసి, మంచుపెట్టెలో పెట్టి ప్రయోగశాలకు పంపుతాడు. ఫలితం వచ్చేదాకా అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉంటారు.

సందులో వాళ్ళు మాత్రం ఆమె ఫారిన్ కంపెనీలో చేరిందనుకున్నారు. నిజానికి అది ఎవరి ఆఫీసో శశికళకే సరిగ్గా తెలియదు. ఒకరోజు మధ్యాహ్నం టీ తాగుతూ అడిగేసింది.

"సార్, మనం ఎవరి మనుషులం? గవర్నమెంటోళ్ళు మనల్ని వాళ్ళోళ్ళు కాదంటారు. జీతం చూస్తే ఢిల్లీ నుంచి వస్తాండాది."

గిరిధర్ నవ్వాడు. "జెనీవాలో హెడ్డాఫీసుందండీ. ప్రపంచాన్ని ఆరు ముక్కలు చేసి ముక్కకొక రీజినల్ ఆఫీసు పెట్టారు. మన ముక్కది ఢిల్లీలో. మన దేశం పని చూడ్డానికి అక్కడే ఇంకో ఆఫీసు. సెంట్రల్ గవర్నమెంటూ ఆ ఆఫీసూ కలిసి నడిపేది మన పోలియో ప్రాజెక్టు. దాని చిట్టచివర మీరూ, నేనూ, రియాజూ."

"అయితే జెనీవా చెప్తే గవర్నమెంటు వినాల్నా?"

"అబ్బే. జెనీవాకి చెప్పేదే గవర్నమెంట్లు. ఏటా మే నెలలో అన్ని దేశాల మినిస్టర్లూ అక్కడ కూర్చుంటారు. పెద్ద దేశానికైనా చిన్న దేశానికైనా ఒకటే ఓటు. పోలియో లేకుండా చేద్దామని ఎనభై ఎనిమిదిలో తీర్మానించింది వాళ్ళే. చేద్దామన్న వాళ్ళకి సాయానికి మనల్ని పెట్టుకున్నారు. చుక్కలు వేసేది గవర్నమెంటు నర్సులు. జబ్బు ఎక్కడుందో వెతికి చూపించడం, ఎలా చేస్తే పోతుందో చెప్పడం, వచ్చినవాళ్ళకి నేర్పించడం, అంతవరకే మన వంతు. చెయ్యండని హుకుం వేసే అధికారం జెనీవాలో కూర్చున్న పెద్దలకి కూడా లేదు."

శశికళ అప్పుడు, చాలా ఏళ్ళుగా లోపల దాచుకున్న ప్రశ్న అడిగింది. సూది వల్ల కాలు పోతుందా అని.

గిరిధర్ గ్లాసు కింద పెట్టాడు. "మీకు జ్వరం వచ్చేటప్పటికే ఆ క్రిమి ఒంట్లో ఉంది. జబ్బు తెచ్చింది సూది కాదు. అయితే, అలాంటప్పుడు కండకి సూది పడితే ఆ కాలికి మరింత చేటు జరిగి ఉండొచ్చు. మీ విషయంలో ఏమైందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

ఆ సాయంత్రం ఇంటికి పోయి శశికళ తల్లితో మొదటి సగమే చెప్పింది. "సూదితో కాదంటమ్మా. జబ్బు అంతకుముందే ఉండాదంట. పెద్ద డాక్టరు చెప్పినాడు." మారెమ్మ గాజుల దారం చుట్టుకుపోయిన వేళ్ళతో కూతురి కాలు ఒకసారి తడిమింది. ఆ తరవాత ఆమె నోట కాంపౌండరు మాట వినబడలేదు. రెండో సగం శశికళ తనలోనే ఉంచుకుంది.

కొన్నేళ్ళు పని చక్కగా సాగింది. చుక్కల ఆదివారాలు వచ్చేవి, పోలియో బూత్‌ల దగ్గర తల్లులు బారులు తీరేవారు. రాష్ట్రంలో పోలియో దాదాపు మాయమైంది. ఈ ఆఫీసు ఇంకెన్నాళ్ళుంటుందో అని రియాజ్ దిగులు పడటం మొదలుపెట్టాడు. అలాంటి సమయంలో, రెండువేల మూడులో, జబ్బు మళ్ళీ తిరిగొచ్చింది. రాష్ట్రపు ఉత్తర జిల్లాలనుంచి ఫోన్లు మొదలయ్యాయి. వాటి వెనకే ఒక ఉదయం నగరంలోని పిల్లల ఆసుపత్రి నుంచి ఫోను. సర్జాపుర రోడ్డు పక్కన అపార్ట్‌మెంట్లు కట్టే చోట కూలీల షెడ్లలో ఒక ఆడపిల్ల. ఏడాదిన్నర వయసు. కుడికాలు కదలడం లేదు.

పిల్ల పేరు ఈరమ్మ, నాయనమ్మ పేరు. తల్లి సొన్నమ్మ ఇటుకలు మోస్తుంది, తండ్రి సుంకన్న సెంట్రింగు పని. కళ్యాణదుర్గం వైపు నుంచి వానలు లేక వలస వచ్చినవాళ్ళు. గిరిధర్ ఆసుపత్రికి వెళ్ళి పిల్లను చూసి, మొదటి నమూనా తీసుకుని వచ్చాడు. మర్నాడు రెండోది తేవడానికి షెడ్డుకు పోతే సొన్నమ్మ రేకు తలుపు వేసుకుంది. పిల్ల ఒంట్లోది తీసుకుపోయి ఏం చేస్తారో ఏమో, ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ బిడ్డ మరీ నీరసించిందంటూ లోపలినుంచే అరిచింది.

"మీరు ఒకసారి రండి" అన్నాడు గిరిధర్. "ఆడమనిషి మాట, పైగా మీది వాళ్ళ భాషే. నా ఒంగోలు తెలుగు వాళ్ళకి ఇంగ్లీషులా ఉంది."

శశికళ అంతవరకూ జబ్బుపడిన పిల్లల ఇళ్ళకు పోలేదు. ఆమె పని ఫోనుదాకానే. జీపు సిమెంటు దుమ్ములో ఆగింది. సగం లేచిన భవనాల నీడలో రేకుల షెడ్లు, మధ్యలో మురుగు నిలిచిన బాట. రియాజ్ చెయ్యందిస్తే దిగి, కాలిపర్ కడ్డీ చప్పుడవుతుండగా నడిచింది. సొన్నమ్మ పిల్లను ఒళ్ళో వేసుకుని గడపలో కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. మొహం ఎత్తి చూసింది. ఆ చూపు శశికళ మొహం దాకా రాలేదు. కాలి దగ్గరే ఆగిపోయింది.

డాక్టరు ఇంకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ కాలిని చూశాక చెప్పాల్సిన అవసరం లేకపోయింది. సొన్నమ్మ పిల్లను గట్టిగా రొమ్ముకు అదుముకుంది.

"నువ్వు రావద్దక్కా" అంది మెల్లగా. "నిన్ను చూస్తే నాకు భయమైతాండాది."

శశికళ అక్కడే నిలబడిపోయింది. జన్మలో ఎన్నో మాటలు విన్నది గానీ ఇలాంటి మాట వినలేదు. అందులో ఈసడింపు లేదు. అందుకే అంత లోతుగా దిగింది. వెనక్కి పోదామనుకుంది. పోతే ఆ నమూనా రాదు. ఆమె పక్క షెడ్డు ముందున్న ఇటుకల మీద, కాలు బారజాపుకుని కూర్చుంది. పని లేని ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. ఎక్కడిదానివని అడిగారు. ముళబాగిలు అంటే, మా చిన్నమ్మను ఆ పక్కే ఇచ్చినారు అని ఒకామె అంది. కాసేపటికి మాటలు నీళ్ళ ట్యాంకరు మీదికీ, మేస్త్రీ మీదికీ పోయాయి. సొన్నమ్మ గడపలో కూర్చునే ఉంది, అన్నీ వింటూ.

ఎండ తగ్గుతుండగా ఆమే అడిగింది. "మీది లోకానికంతా పెద్దాఫీసంట గదా. ఇది ఇస్తే నా బిడ్డ కాలు బాగైతాదా?"

అవును అనడం ఎంత సులభమో శశికళకు తెలుసు. ఆ ఒక్కమాటతో పని జరిగిపోతుంది. గిరిధర్ జీపు దగ్గరనుంచి ఇటే చూస్తున్నాడు.

"లేదమ్మా" అంది శశికళ. "నీ బిడ్డకు దీంతో ఏమీ రాదు. ఏ పురుగుతో ఇట్లయిందో తెలుస్తాది, అంతే. తెలిస్తే చుట్టుపక్కల అందరికీ మళ్ళా మళ్ళా చుక్కలేస్తారు. పక్క షెడ్డు పిల్లకు ఇట్ల కాకుండా ఉంటాది."

"మా బిడ్డకు ఎవురూ ఎయ్యలేదే చుక్కలు."

"తెలుసు."

సొన్నమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. పని చెడిపోయిందనుకున్నారు ముగ్గురూ. కానీ మర్నాడు పొద్దున రియాజ్ జీపు తీసుకుని పోయేసరికి, నిన్న డాక్టరు గడప దగ్గర వదిలి వచ్చిన నమూనా డబ్బా మూతబిగించి గడపలో పెట్టి ఉంది. పక్కనే సొన్నమ్మ నిలబడి ఉంది. డబ్బా అతని చేతికిచ్చి ఇటుకల పనికి పోయింది.

ఫలితం వచ్చింది. పోలియోనే. ముంబయిలోని పెద్ద ప్రయోగశాల ఆ క్రిమి వంశం కూడా చెప్పింది. అది ఇక్కడ పుట్టింది కాదు, ఉత్తరప్రదేశ్‌లో తిరుగుతున్న క్రిమికి దగ్గరి చుట్టం. పనికోసం మనుషులు నడిచిన దారినే అదీ నడిచి వచ్చింది. ఆ సంగతి అక్కడినుంచి ఢిల్లీకీ, ఢిల్లీనుంచి జెనీవాకూ పోయింది. సర్జాపుర రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉన్న ఒక పిల్ల జబ్బు ఖండాలు దాటి ఒక పటంమీద ఎర్రచుక్క అయింది.

ఈరమ్మకు చుక్కలెందుకు పడలేదో కనుక్కోవడానికి పెద్ద కష్టమేమీ కాలేదు. ఆ షెడ్లు నగరం హద్దుమీద వెలిశాయి. నగరంవాళ్ళు అవి పంచాయతీవనుకున్నారు, పంచాయతీ తరఫువాళ్ళు నగరానివనుకున్నారు. చుక్కలవాళ్ళకు గీసిచ్చిన పటంలో ఆ చోట ఖాళీ పొలం.

ఆ ప్రాంతపు ఆరోగ్యాధికారి నాగరాజ్ గదిలో మీటింగు జరిగింది. శశికళ వివరాలు రాసుకోవడానికి వెళ్ళింది. గిరిధర్ పటం పరిచి, ఎక్కడెక్కడ ఇలాంటి షెడ్లున్నాయో చూపించాడు. రాబోయే ఆదివారం వీటన్నిటికీ మనుషుల్ని పంపితే మంచిదని ఎంతో మర్యాదగా చెప్పాడు. నాగరాజ్ చెడ్డవాడేం కాదు. అలిసిపోయిన మనిషి. మీరు చూపినచోటికల్లా పంపడానికి తన దగ్గర నర్సులు లేరనీ, ఉన్నవాళ్ళే ఇద్దరు మనుషుల పని చేస్తున్నారనీ కన్నడంలో మెల్లగా చెప్పాడు. చూద్దాం అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో శశికళ ఉండబట్టలేకపోయింది. "ఆ పిల్ల కాలు పోయింది సార్. ఆయన చూద్దాం అంటాడు, మీరు సరే అంటారు. ఢిల్లీకి ఫోను చేసి చెప్పించలేరా?"

"ఢిల్లీ వాళ్ళు బెంగళూరుకి చెప్తారు. బెంగళూరు వాళ్ళు నాగరాజ్‌ని పిలిచి చీవాట్లు పెడతారు. ఈ ఆదివారం ఆయన పంపుతాడు. వచ్చే ఆదివారం మన మొహం చూడడు. ఆయన ఊరు, ఆయన జిల్లా, ఆయన పిల్లలు. రేపు మనం వెళ్ళిపోయినా ఆయన ఇక్కడే ఉంటాడు. ఆయన చేతుల్తోనే జరగాలి. నాకు మాత్రం కోపం రాదనుకున్నారా?"

మర్నాడు అతను మళ్ళీ నాగరాజ్ దగ్గరికి పోయాడు, ఈసారి పటం లేకుండా. చుక్కలు వేయడానికి నర్సింగు కాలేజీ పిల్లల్ని అడగవచ్చని, వాళ్ళకు శిక్షణ తానిస్తానని, జీపు కూడా ఇస్తానని చెప్పాడు. ఒక స్వచ్ఛంద సంఘం వాళ్ళు బండ్లకు డీజిలు పోయిస్తామన్నారు. నాగరాజ్ కుర్చీలోంచి లేచి, "అయితే షెడ్లు ఎక్కడున్నాయో నాకే చూపించండి" అన్నాడు. ఆ రోజంతా వాళ్ళిద్దరూ హద్దు పొడుగునా తిరిగారు. సాయంత్రానికి కొత్త పటం తయారైంది. దానిమీద సంతకం నాగరాజ్‌ది.

అయినా ఆదివారం నాడు షెడ్లలో చిక్కు వచ్చింది. చుక్కల వల్లే ఈరమ్మ కాలు పోయిందని ఎవరో పుట్టించారు. పిల్లలకు ఏదో చేస్తున్నారని మొగవాళ్ళు అడ్డం నిలబడ్డారు. నర్సింగు పిల్లలు మంచుపెట్టెలు పట్టుకుని బాటమీదే ఆగిపోయారు. శశికళ వచ్చి ఎంత చెప్పినా, ఆమె కాలివైపు చూసి వాళ్ళ అనుమానం పెరిగిందే గానీ తగ్గలేదు.

అప్పుడు సొన్నమ్మ బయటికి వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. ఈరమ్మను చంకనేసుకుంది. చచ్చుబడిన కాలు అందరికీ కనబడేలా పిల్ల పావడా పైకెత్తి పట్టుకుంది. మొదటి షెడ్డు ముందు ఆగి, "మా బిడ్డకు చుక్కలు పడలే. ఎయ్యకనే ఇట్లయింది. చూడు" అంది. అంతే. గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఆ షెడ్డు తల్లి పిల్లవాడిని తెచ్చేదాకా అక్కడే నిలబడి, తరవాత రెండో షెడ్డు ముందుకు పోయింది. అదే మాట. మొగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పక్కకు తప్పుకున్నారు. సుంకన్న మాత్రం ఆ దృశ్యం చూడలేక సిమెంటు బస్తాల వెనక్కి పోయి కూర్చున్నాడు.

శశికళ ఆమె వెనకే నడిచింది. ప్రతి గడప దగ్గరా బిడ్డ కాలు చూపించడానికి ఆ తల్లికి లోపల ఎంత చీలిపోతుందో ఆమెకు తెలుసు. తన తల్లి తనను బడికి తీసుకుపోయేటప్పుడు పావడా కిందికి లాగి లాగి ఆ కాలు కప్పేది. ఆపమందామని రెండుసార్లు నోరు తెరిచింది. ఆపితే మిగిలిన షెడ్లలో చుక్కలు పడవు. నోరు మూసుకుంది. ఆ రోజు ఆ షెడ్లలో ఒక్క పిల్లా మిగల్లేదు. ఆ తరవాతి విడతల్లోనూ మిగల్లేదు. నాగరాజ్ మనుషులు ఎవరూ చెప్పకుండానే వచ్చారు.

జబ్బు మొదలైన రెండు నెలలకు డాక్టరు మళ్ళీ వెళ్ళి చూడాలి. బలం ఏమైనా తిరిగి వచ్చిందా అని. గిరిధర్ ఈరమ్మను బల్లమీద పడుకోబెట్టి అరికాలు గిల్లాడు, మోకాలు వంచి వదిలాడు. కాలు బల్లమీద టపీమని పడింది. ఎడమకాలికంటే అప్పటికే సన్నబడింది. అతను చూసింది రాసుకుని, పెన్ను మూత పెట్టాడు. అంతటితో ఆ పిల్ల విషయంలో ఆఫీసు పని పూర్తయింది.

"ఇంక ఈ పాపను ఎవరు చూస్తారు సార్?" అని అడిగింది శశికళ.

"గవర్నమెంటు ఆసుపత్రిలో ఎముకల విభాగం ఉంది. రాసిస్తాను." అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. "మన పని జబ్బుని ఆపడం. జబ్బు పడినవాళ్ళని నిలబెట్టడం మన చేతిలో పెట్టలేదండీ. అది కూడా ఉండాల్సింది అనిపిస్తుంది నాకు."

తరవాతి సెలవురోజు శశికళ తల్లిని వెంటబెట్టుకుని బస్సెక్కి సర్జాపుర రోడ్డుకు పోయింది. సొన్నమ్మ ఈసారి రావద్దనలేదు. మారెమ్మను చూసి, పెద్దామె కదా అని చాప వేసింది. మారెమ్మ పిల్లను కాళ్ళమీద పడుకోబెట్టుకుని, మడమ పట్టి పాదాన్ని పైకి వంచి చూపించింది.

"ఇట్ల దినామూ వంచల్ల. నరం బిగుసుకోకుండా. మాకు ఎవరూ చెప్పలేదమ్మా అప్పుడు. చెప్పింటే మా పిల్ల పాదం ఇంత వంకర పోయుండేది కాదు." మళ్ళీ పాదం వంచుతూ అంది. "నువ్వేం తప్పు చేయలేదు. అది మనసులో పెట్టుకోవద్దు. నేను పెట్టుకోని చెడిపోయినా."

సొన్నమ్మ అప్పుడు ఏడ్చింది. పిల్ల కాలు కదలనప్పట్నుంచీ ఆమె ఏడవడం షెడ్లలో ఎవరూ చూడలేదు. మారెమ్మ పిల్ల పాదం వంచుతూనే, రెండో చేత్తో ఆమె వీపు నిమిరింది. శశికళ బయటికి పోయి ఇటుకల మీద కూర్చుంది.

పిల్ల నిలబడే వయసుకు వచ్చాక శశికళే తనకు కాలిపర్ చేసిచ్చే కార్ఖానాకు తీసుకుపోయి కొలతలు ఇప్పించింది. ఎదిగే కాలు కాబట్టి అది ఏడాదికోసారి మార్చాలి. ఈలోగా అపార్ట్‌మెంట్లు పూర్తయ్యాయి, షెడ్లు ఎత్తేశారు. సుంకన్న కుటుంబం పనివెంట దేవనహళ్ళికి పోయింది. అక్కడ కొత్త విమానాశ్రయం కడుతున్నారు. పోయేటప్పుడు సొన్నమ్మ బళేపేట వెతుక్కుంటూ వచ్చి చెప్పి పోయింది. ఆ నడుమ ఒక చలికాలంలో మారెమ్మ చనిపోయింది. ఒకనాడు అన్నం తిని పడుకున్నది, నిద్రలోనే పోయింది. సూది సంగతిలో రెండో సగం ఆమెకు చెప్పనందుకు శశికళ ఏనాడూ బాధపడలేదు.

గిరిధర్‌ను బీహారుకు పంపారు. ఇక్కడ జబ్బు ఆగింది గానీ అక్కడ ఇంకా ఉంది. పని తెలిసినవాళ్ళు అవసరమైన చోటికి పోవాలి. అతని స్థానంలో వచ్చిన డాక్టరమ్మతో శశికళ ఫోన్లు చేస్తూనే ఉంది. అయితే ముప్పై ఎనిమిది దాటాక ఆమె మంచికాలు కూడా అలిసిపోవడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్ళకు నడివయసులో ఇలా అవుతుందనీ, మిగిలిన నరాలు అంతకాలం రెండింతల బరువు మోసి నీరసిస్తాయనీ డాక్టరు చెప్పింది. దానికి మందు లేదు. శశికళ ఒక చేతికర్ర కొనుక్కుంది. ఇంటికి రావడానికి ఆటో పెట్టుకుంది.

దేవనహళ్ళిలో విమానాలు దిగడం మొదలయ్యాక కట్టడం పని అయిపోయింది. మేస్త్రీ అందర్నీ మరో ఊరికి తీసుకుపోతానన్నాడు. సొన్నమ్మ రానంది. భర్త ఎంత చెప్పినా వినలేదు. "నువ్వు పోయి రాపో. బిడ్డను ఇస్కూల్లో ఏసినా. మళ్ళా మళ్ళా ఊరు మారిస్తే అది యాడ సదువుతాది?" అంది. ఊళ్ళోని పాతకోట వెనక ఒక చిన్న గది అద్దెకు తీసుకుంది. విమానాశ్రయం దారిపొడుగునా చెట్లకూ గడ్డికీ నీళ్ళు పట్టే పనిలో కుదిరింది. సుంకన్న మొదట అలిగి పోయినా, నెలకోసారి వచ్చిపోవడం అలవాటు చేసుకున్నాడు.

రెండువేల తొమ్మిదిలో, బడి వేసవి సెలవుల్లో, ఈరమ్మకు కాలిపర్ మార్చాల్సి వచ్చింది. సొన్నమ్మకు పని వదిలి రావడం కుదరలేదు. శశికళే ఆటోలో, బస్సులో దేవనహళ్ళి పోయి పిల్లను తీసుకుని బయలుదేరింది. ఈరమ్మకు ఏడేళ్ళు నిండాయి. చురుకైన పిల్ల. కిటికీ పక్క సీటు తనకే కావాలంది. బస్సు కదిలాక ఇద్దరి కాళ్ళూ పక్కపక్కన పెట్టి, ఎవరి కడ్డీ పొడుగో కొలిచింది.

"నీకు ఎప్పుడొచ్చిందత్తా?" అని అడిగింది.

"చానా ముందు. నువ్వు, మీయమ్మ పుట్టకముందు."

పిల్ల తన కడ్డీని వేలితో తడిమింది. "నా తర్వాత ఎవురికి వచ్చింది?"

శశికళ ఆ పిల్ల మొహంలోకి చూసింది. వేరే ఊళ్ళలో, వేరే రాష్ట్రాల్లో ఇంకా వస్తూనే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ పిల్ల అడుగుతున్నది అది కాదు.

"మీ షెడ్లలో ఎవరికీ రాలేదు" అంది.

"ఎందుకు రాలే?"

"మీయమ్మ నిన్నెత్తుకోని అన్ని షెడ్లూ తిరిగింది. అందరికీ చుక్కలేయించింది. అందుకే."

ఈరమ్మ బస్సు యలహంక దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అప్పుడు తిరిగి, "మాయమ్మ నాకు చెప్పనేలేదే" అంది.

"అడుగు. చెప్తాది."

మెజెస్టిక్‌లో బస్సాగింది. జనం తోసుకుంటూ దిగుతున్నారు. వాళ్ళందరూ పోయాక ఈరమ్మ ముందు దిగింది. రోడ్డుమీద నిలదొక్కుకుని, వెనక్కి తిరిగి, శశికళ చేతికర్ర అందుకోవడానికి చెయ్యి చాపింది.